ఒక్క గీత వస్తే కరోనా లేనట్టేనా?

2020 ఏప్రిల్‌లో జోగులాంబ గద్వాల జిల్లాలో కరోనా కేసులు గుంపుగా బయటపడ్డాయి. అప్పట్లో ముక్కులోంచి తీసిన నమూనా హైదరాబాద్ దారి పట్టాల్సిందే. గద్వాల నుంచి అక్కడికి దాదాపు 190 కిలోమీటర్లు. ఫలితం తేలేదాకా ఆ మనిషీ, ఇంటిల్లిపాదీ, ఒక్కోసారి వీధి వీధంతా ఊపిరి బిగబట్టుకుని ఉండాల్సి వచ్చేది. పదమూడు నెలలు తిరిగేసరికి కరోనా పరీక్ష చేతిలో ఇమిడే ప్లాస్టిక్ కార్డుగా మారింది. 2021 మే 19న భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, దేశంలో తొలి ఇంటి పరీక్ష కిట్టుకు అనుమతి ఇచ్చింది. పుణెకు చెందిన మైల్యాబ్ సంస్థ తయారుచేసిన ఆ కిట్టు పేరు కొవిసెల్ఫ్. అప్పట్లో ధర 250 రూపాయలు. ఫలితం పావుగంటలో.

గద్వాల జిల్లాలోని ధరూర్ లాంటి మండలానికి ఇది చిన్న విషయమేమీ కాదు. ఆ మే నెలలో రెండో వేవ్ ఊళ్లను ఊపేస్తోంది. ఆరోగ్య కేంద్రాల ముందు పొద్దున్నే క్యూలు, కిట్లకు కొరత, ల్యాబ్‌లో చేసే ఆర్‌టీ‑పీసీఆర్ ఫలితానికి రోజుల తరబడి ఎదురుచూపు. తెలంగాణ పల్లెల్లో చాలామందికి ముందు దొరికింది ఆర్‌ఎంపీ డాక్టరే. అక్కడ చాలా జ్వరాలకు పడిన పేరు టైఫాయిడ్, జరిగిన వైద్యం సెలైన్ బాటిల్. ఆ పరిస్థితిలో రాష్ట్ర ప్రభుత్వం పరీక్షల కోసం ఆగకుండా ఇంటింటి ఫీవర్ సర్వే మొదలుపెట్టింది. ఆశ కార్యకర్తలు, ఏఎన్ఎంలు గడప గడపకూ వెళ్లి, జ్వరమో దగ్గో ఉందంటే చాలు, మందుల కిట్టు చేతిలో పెట్టారు. ఒమిక్రాన్ వచ్చాక 2022 జనవరిలో మళ్లీ అదే సర్వే చేశారు.

నిజానికి ఈ గీతల కార్డు ఆశ కార్యకర్తలకు కొత్తది కాదు. గర్భం నిర్ధారించే ‘నిశ్చయ్’ కిట్టు, వేలి చివర రక్తపు చుక్కతో మలేరియా పట్టే కార్డు వాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నవే. మూడింటి సూత్రమూ ఒకటే.

కార్డు లోపల ద్రవాన్ని పీల్చుకుంటూ ముందుకు పంపే సన్నటి పట్టీ ఉంటుంది. దాని మొదట్లో కరోనా వైరస్ ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయి. చాలా కిట్లలో వాటికి అతి సూక్ష్మమైన బంగారు కణాలు అంటించి ఉంచుతారు. నమూనాలో వైరస్ ప్రోటీన్ ఉంటే ఇవి దాన్ని పట్టుకుని పట్టీ వెంట ప్రయాణిస్తాయి. కార్డు మీద ‘టీ’ అని రాసి ఉన్న చోట వాటిని ఆపేందుకు మరో వరుస యాంటీబాడీలు కాపు కాసి ఉంటాయి. బంగారు కణాలు అక్కడ పోగుపడటంతో ఎర్రటి గీత కనిపిస్తుంది. వైరస్ ఉన్నా లేకున్నా ‘సీ’ దగ్గర మాత్రం గీత రావాల్సిందే. అది రాకపోతే పరీక్ష చెల్లనట్టు, కార్డు పారేసి కొత్తది తీయాలి.

చెయ్యి తిరగాల్సింది ఇక్కడే

కొవిసెల్ఫ్ పద్ధతినే చూద్దాం. ముందు సబ్బుతో చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వాలి. ద్రవం ఉన్న చిన్న గొట్టాన్ని నేలకేసి మెల్లగా తడితే ద్రవం అడుక్కి దిగుతుంది. దూది పుల్లను దూది ఉన్న వైపు తాకకుండా బయటికి తీసి, ఒక ముక్కు రంధ్రంలో రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల లోతుకు పంపి, గోడలకు ఆనిస్తూ ఐదుసార్లు తిప్పాలి. అదే పుల్లతో రెండో రంధ్రంలోనూ అంతే. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తుమ్ము వస్తుందనో, నొప్పి పుడుతుందనో పుల్లను ముక్కు అంచున రాసి తీసేస్తారు. వైరస్ ఉన్న చోటికి పుల్ల చేరకపోతే కార్డు మాత్రం ఏం చెబుతుంది?

తర్వాత పుల్లను గొట్టంలో ముంచి, గొట్టాన్ని వేళ్లతో నొక్కుతూ పదిసార్లు తిప్పాలి. పుల్ల మీదున్న గుర్తు దగ్గర విరిచి, మూత బిగించి, కార్డు గుంటలో రెండు చుక్కలు వేయాలి. ఎక్కువ వేస్తే మేలని మూడో చుక్క వేయొద్దు. ఇక గడియారం చూస్తూ కూర్చోవాలి. వైరస్ ఎక్కువగా ఉంటే ఐదు నుంచి ఏడు నిమిషాల్లోనే రెండో గీత తేలుతుంది. లేదంటే పదిహేను నిమిషాలు ఆగాలి. ఇరవై నిమిషాలు దాటాక కనిపించిన గీతకు విలువ లేదు.

ఆ గుంటలో గొట్టంలోని ద్రవం తప్ప ఇంకేదీ పడకూడదు. 2021లో ఇంగ్లండ్‌లో కొందరు పిల్లలు బడి ఎగ్గొట్టడానికి కార్డు మీద పళ్లరసం, కూల్‌డ్రింకు చుక్కలు వేసి ‘పాజిటివ్’ తెప్పించుకున్నారు. పులుపు తగిలితే యాంటీబాడీలు దెబ్బతిని దొంగ గీత వస్తుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఎండ గురించి. ఇలాంటి కిట్లను సాధారణంగా 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గద్వాలలో కొన్న కిట్టును బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నమంతా ఎండలో వదిలేస్తే అది చెప్పే ఫలితాన్ని నమ్మలేం. కొనేటప్పుడు గడువు తేదీ చూడాలి, ఇంట్లో నీడపట్టున చల్లటి చోట పెట్టాలి.

అంకెలు చెప్పేది

అన్నీ సరిగా చేసినా ఈ కార్డుకు ఒక పరిమితి ఉంది. పీసీఆర్ పరీక్ష ఒక్క గింజ దొరికినా దాన్ని మొలకెత్తించి పంటగా పెంచి చూస్తుంది, ఈ కార్డు చేతిలో ఉన్న గింజలనే లెక్కపెడుతుంది. ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2022లో వెలువడింది. దాని ప్రకారం లక్షణాలున్న నిజమైన రోగులు వంద మంది ఉంటే ఇలాంటి ర్యాపిడ్ కార్డు పరీక్షలు సగటున 73 మందిని పట్టాయి. లక్షణాలు లేనివారిలోనైతే 55 మందినే. వైరస్ లేనివారికి ఉందని తప్పుగా చెప్పడం మాత్రం చాలా అరుదు, వందలో ఒకరు కూడా లేరు.

2021లో ఐసీఎంఆర్ పెట్టిన నియమాలు కూడా ఈ తీరుకు తగ్గట్టే ఉన్నాయి. ఇంటి పరీక్షలో పాజిటివ్ వస్తే అది పాజిటివే, మళ్లీ పరీక్ష అక్కర్లేదు. లక్షణాలుండి నెగిటివ్ వస్తే మాత్రం ఆర్‌టీ‑పీసీఆర్ చేయించుకోవాలి. లక్షణాలున్నవారు, రోగితో దగ్గరగా మెలిగినవారు తప్ప ఎవరు పడితే వారు ఈ పరీక్ష చేసుకోవద్దని కూడా ఐసీఎంఆర్ చెప్పింది. ఫలితాన్ని ఫొటో తీసి యాప్‌లో పెట్టాలన్నది అప్పటి మరో నిబంధన. కీప్యాడ్ ఫోను మాత్రమే ఉన్న ఇంట్లో అది కుదరలేదు. అలా యాప్‌కు ఎక్కని పాజిటివ్‌లు ప్రభుత్వ లెక్కల్లోకీ ఎక్కలేదు.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగువారి అనుభవం వేరు. ఇంగ్లండ్‌లో 2021 ఏప్రిల్ నుంచి దాదాపు ఏడాదిపాటు వారానికి రెండు పరీక్షలు ఉచితం. అమెరికా ప్రభుత్వం 2022 జనవరిలో ఇంటికి నాలుగు కిట్లు పోస్టులో పంపడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఆగస్టులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఒక్క నెగిటివ్‌ను నమ్ముకోవద్దని హెచ్చరించింది. లక్షణాలుంటే 48 గంటల తేడాతో రెండుసార్లు, లేకుంటే అంతే ఎడంతో మూడుసార్లు చేసుకోమంది. మన దగ్గర కిట్టు కొనాల్సింది సొంత డబ్బుతోనే కాబట్టి రెండోసారి చేసుకునేవారు తక్కువే ఉంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర స్థితిని ఎత్తేసింది. వైరస్ మాత్రం పోలేదు. 2025 మే, జూన్ నెలల్లో దేశంలో కేసులు మళ్లీ కొంత పెరిగాయి. ఇంట్లో ముసలివాళ్లు, షుగర్ రోగులు, గర్భిణులు ఉన్నవారికి ఈ కార్డు ఇప్పటికీ పనికొచ్చేదే.

కాబట్టి రెండు గీతలు వస్తే విడిగా ఓ గదిలో ఉండండి, మాస్కు పెట్టుకోండి, ఆశ కార్యకర్తకు చెప్పండి. ఒక్క గీతే వచ్చి జ్వరం, దగ్గు తగ్గకపోతే కరోనా లేదని తీర్మానించుకోకండి. ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పీసీఆర్ అడగండి, అది వీలుకాకపోతే రెండు రోజులు ఆగి మళ్లీ కార్డు వాడండి. వాడేసిన కార్డు, పుల్ల, గొట్టాన్ని కిట్టుతో ఇచ్చిన సంచిలోనే కట్టి పారేయండి. ఊపిరి అందకపోయినా, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా ఏ గీత కోసమూ చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.