విదేశంలో వివాహం: ముహూర్తంతో పాటు చట్టమూ చూడాలి

కడోదరా (సూరత్‌): సూరత్‌ శివారులోని కడోదరా జవళి పరిశ్రమలున్న పట్టణం. తెలంగాణ నుంచి నేతపనికి వలస వచ్చిన ఎన్నో కుటుంబాలు సూరత్‌ ప్రాంతంలో దశాబ్దాల క్రితమే స్థిరపడ్డాయి. ఇక్కడి నుంచైనా, కరీంనగర్‌, గుంటూరుల నుంచైనా విదేశాలకు వెళ్లిన పిల్లలు అక్కడే పెళ్లికి సిద్ధమైతే పెద్దలు మొదట ముహూర్తం చూస్తారు. చట్టం మాత్రం వయసు, నివాసం, నోటీసు, లైసెన్సు గురించి అడుగుతుంది. వీటిలో లోపముంటే అది పెళ్లినాడు కనిపించదు. వీసా, వారసత్వం, విడాకుల వంటి సందర్భాల్లో బయటపడుతుంది.

రెండు మార్గాలు

విదేశంలో వివాహం చేసుకునే భారతీయులకు రెండు మార్గాలున్నాయి. మొదటిది ఆ దేశపు చట్టం ప్రకారం వివాహమాడటం. రెండోది భారత విదేశీ వివాహాల చట్టం, 1969 కింద మన రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్‌లోని వివాహ అధికారి సమక్షంలో చేసుకోవడం.

మొదటి మార్గంలో నిబంధనలు దేశానికో తీరుగా ఉంటాయి. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారతాయి. పెన్సిల్వేనియాలో లైసెన్సుకు దరఖాస్తు చేశాక మూడు రోజులు ఆగాలి. లైసెన్సు 60 రోజులే చెల్లుతుంది. టెక్సాస్‌లో సాధారణంగా 72 గంటలు వేచి ఉండాలి. కాలిఫోర్నియాలో నిరీక్షణ లేదు, గడువు 90 రోజులు. అందువల్ల అక్కడి ఆలయంలో శాస్త్రోక్తంగా పెళ్లి జరిపించినా లైసెన్సును ముందే తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో సాధారణంగా కనీసం 28 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

భారత చట్టం ఏం కోరుతోంది?

1969 చట్టం ప్రకారం వధూవరుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. వరునికి 21, వధువుకు 18 ఏళ్లు నిండాలి. ఇద్దరిలో ఎవరికీ జీవించి ఉన్న భార్య లేదా భర్త ఉండకూడదు. నోటీసు ఇచ్చే తేదీకి ముందు కనీసం 30 రోజులు ఇద్దరిలో ఒకరు ఆ వివాహ అధికారి పరిధిలో నివసించి ఉండాలి. నోటీసు ప్రచురించాక అభ్యంతరాలకు మరో 30 రోజుల గడువు ఉంటుంది. నోటీసు ఇచ్చిన ఆరు నెలల్లోగా వివాహం జరగకపోతే కొత్త నోటీసు ఇవ్వాలి. వివాహ సమయంలో ముగ్గురు సాక్షులు తప్పనిసరి. వారం రోజుల పర్యటనకు వెళ్లి పెళ్లి చేసుకోదలచిన వారికి ఈ మార్గం అనుకూలించదు.

స్థానిక చట్టం ప్రకారం ఇప్పటికే పెళ్లయిన వారు అదే చట్టంలోని 17వ సెక్షన్‌ కింద వివాహ అధికారి వద్ద నమోదు కోరవచ్చు. వయసు, వైవాహిక స్థితి తదితర షరతులు వారికీ వర్తిస్తాయి.

మేనరికంతో జాగ్రత్త

తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసినది మేనరికం. వధూవరుల్లో కనీసం ఒకరి ఆచారం లేదా వైయక్తిక చట్టం అనుమతిస్తే నిషిద్ధ బంధుత్వం ఉన్నా 1969 చట్టం అడ్డు చెప్పదు. అయితే పెళ్లి జరిగే దేశపు చట్టం నిషేధిస్తే వివాహ అధికారి నిరాకరించవచ్చు. పెన్సిల్వేనియా, టెక్సాస్‌ రాష్ట్రాలు మేనమామ, మేనత్త పిల్లలతో వివాహానికి లైసెన్సు ఇవ్వవు. కాలిఫోర్నియా అనుమతిస్తుంది.

పత్రాల బలం

విదేశాల్లో సాధారణంగా పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, అవివాహిత ధ్రువపత్రం, పూర్వ వివాహం ఉంటే విడాకుల డిక్రీ లేదా మరణ ధ్రువపత్రం అడుగుతారు. వీటికి విదేశాంగ శాఖ అపోస్టిల్‌ ముద్ర అవసరం కావచ్చు. ఈ విధానానికి ఆధారమైన హేగ్‌ ఒప్పందం భారత్‌కు 2005 జులై 14 నుంచి వర్తిస్తోంది. ఒప్పందంలో లేని దేశాలకు ఆ దేశ రాయబార కార్యాలయ ధ్రువీకరణ కావాలి. విదేశంలో పొందిన వివాహ పత్రం భారత్‌లో వాడటానికి కూడా అక్కడి అధికారుల అపోస్టిల్‌ లేదా ధ్రువీకరణ ఉంటే మేలు.

ఏ చట్టం కింద పెళ్లి జరిగిందన్నది ఆ తర్వాతి హక్కులనూ నిర్ణయిస్తుంది. 1975లో తిరుపతిలో హిందూ వివాహం చేసుకున్న ఒక దంపతుల విషయంలో, భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు పొంది మరో పెళ్లి చేసుకున్నారు. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 1991 జులైలో తేల్చింది. కొన్ని మినహాయింపులు తప్ప, కోర్టు పరిధి, విడాకుల కారణం రెండూ దంపతులకు వర్తించే వివాహ చట్టానికి అనుగుణంగా ఉండాలని స్పష్టం చేసింది. భార్యకు తెలియకుండా, ఆమె పాల్గొనకుండా తెచ్చుకునే విదేశీ తీర్పుల నుంచి ఇది రక్షణ కల్పించింది.

అయితే ఆ రక్షణ కోరాలన్నా మొదట పెళ్లి జరిగిందని నిరూపించాలి. కాబట్టి లైసెన్సు, వివాహ పత్రం, సాక్షుల వివరాల ధ్రువీకృత ప్రతులను వధువు, వరుడు ఇద్దరూ విడివిడిగా తమ వద్ద ఉంచుకోవాలి. మరో ప్రతి స్వదేశంలోని తల్లిదండ్రుల వద్ద ఉండటం మంచిది.