కాగితం మీద రాయలేని కారణం

పల్నాడులోని ఒక డిగ్రీ కళాశాలలో నేను అధ్యాపకుణ్ణి. గత సంవత్సరం మిరపకాయల కోతలు జరుగుతున్న రోజుల్లో మా పరీక్షల కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. పని దినాల్లో పాఠాలు కుంటుపడకుండా అంతర్గత పరీక్షలను శని, ఆదివారాల్లో సాయంత్రం నాలుగు నుంచి ఆరు గంటల వరకు జరపాలన్నది ఆ నిర్ణయం. కమిటీలో నేనూ సభ్యుణ్ణే, సంతకం నేనూ పెట్టాను. ‘అభ్యంతరం ఉన్నవారు కారణం తెలుపుతూ లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసుకోవచ్చు’ అనే వాక్యం చేర్చమన్నది కూడా నేనే. న్యాయంగా వ్యవహరించామన్న తృప్తితో ఆ రోజు ఇంటికి వెళ్లాను.

ఒక్క దరఖాస్తు కూడా రాలేదు. ఎవరికీ అభ్యంతరం లేదని కమిటీ రాసుకుంది. కానీ మొదటి ఆదివారం గైర్హాజరైన వారి జాబితా వేరే సంగతి చెప్పింది. అందులో ఎక్కువ మంది మాల, మాదిగ పల్లెల నుంచి, సుగాలి తండాల నుంచి వచ్చే అమ్మాయిలే. వారిలో బాగా చదివే ఒక అమ్మాయిని పిలిచి అడిగాను.

“ఆదివారం సాయంత్రం మాకు ప్రార్థన సార్. పగలంతా కాయల కోతకు పోతాం. అందుకని మా పల్లెలో ఈ రోజుల్లో ఆరాధన పొద్దుగూకినాకే పెట్టుకుంటారు” అంది.

“మరి ఆ ముక్కే రాసి ఇవ్వకపోయావా అమ్మా?”

“నోటితో అయితే చెప్తాను సార్. కాగితం మీద రాయను. మా నాన్న రాయొద్దన్నాడు.”

అలాంటి పల్లెలోనే పుట్టి పెరిగిన నాకు ఆ తండ్రి భయాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ దరఖాస్తు వాక్యాన్ని సూచించినప్పుడు నేను మరచిపోయింది ఆ భయాన్నే. ఆ అమ్మాయి పేరు, ఊరు, మా కళాశాల పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణమూ అదే.

1950 ఆగస్టు 10న వెలువడిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారు ఎస్సీలు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అందులో చోటు కల్పించారు. క్రైస్తవులకు, ముస్లిములకు ఈనాటికీ లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలను బీసీ-సీలో చేర్చి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చి 24న రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. 2022లో కేంద్రం నియమించిన జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్ ముందున్నదీ ఇదే ప్రశ్న. ఈలోగా 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న ఒక వ్యక్తి పెట్టిన కేసులో, క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పింది. చేతిలోని కుల ధ్రువపత్రం రద్దు కాకుండా ఉన్నా ఆ రక్షణ దక్కదని కూడా స్పష్టం చేసింది.

ఈ వార్తలు పల్లెల్లో అందరికీ తెలుసు. ‘ఆదివారం నాకు ఆరాధన ఉంది’ అని సంతకం చేసి ఇచ్చిన కాగితం కళాశాల ఫైలులో ఎంతకాలం ఉంటుందో, రేపు ఎవరి చేతికి చిక్కుతుందో ఎవరు చెప్పగలరు? ఉపకార వేతనం, హాస్టల్ సీటు, రేపటి ఉద్యోగం అన్నీ ఆ ధ్రువపత్రం మీదే ఆధారపడి ఉన్నాయి. రెండు గంటల పరీక్షను మార్చుకోవడం కోసం ఏ తండ్రి తన బిడ్డ భవిష్యత్తును పణంగా పెడతాడు?

‘అయితే ఇది మోసం కాదా?’ అని అడిగేవారున్నారు. వారిని ఒకసారి మా పల్లెలకు రమ్మంటాను. పల్నాడులో క్రైస్తవం నిన్న మొన్న వచ్చింది కాదు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ 1849 నాటికే గురజాలకు వచ్చాడు. అప్పటి నుంచి తరాలు గడిచాయి. బాప్తిస్మం తీసుకున్నందుకు మాలపల్లె లేచి ఊరి నడుమకు రాలేదు. శ్మశానం వేరుగానే ఉంది, కూలికి పిలిచే పిలుపూ మారలేదు. దేవుణ్ణి మార్చుకున్నవారిని కులం వదలలేదు, చట్టం మాత్రం వదిలిందని చెబుతోంది. ఈ పల్నాడు జిల్లాలోదే అయిన వినుకొండలో 1895లో పుట్టిన జాషువా, గుడిలోకి వెళ్లలేనివాడి గోడును ఒక గబ్బిలం చేత శివుడికి చెప్పించాడు. ఈనాటి ఈ అమ్మాయికి వెళ్లడానికి మందిరం ఉంది, వెళ్తున్నానని చెప్పుకునే వీలు లేదు.

ఇతర దేశాల్లో ఈ సమస్యను చట్టాలు పట్టించుకున్నాయి. మత విశ్వాసం వల్ల పరీక్షకు రాలేని విద్యార్థికి మరో అవకాశం ఇవ్వాలని న్యూయార్క్ రాష్ట్ర విద్యా చట్టం చెబుతోంది. ఆదివారం పని చేయలేనన్న ఒక తపాలా ఉద్యోగి కేసులో 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఉద్యోగుల మత విశ్వాసాలకు రక్షణను మరింత పెంచింది. ఆ పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుంటే సరిపోతుందని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. కానీ అక్కడ విద్యార్థి తన మతం చెప్పుకుంటే హక్కు లభిస్తుంది. ఇక్కడ మతం చెప్పుకుంటే ఉన్న హక్కు పోతుంది. నేను చేర్చమన్న దరఖాస్తు వాక్యం అందుకే ఎవరికీ పనికిరాలేదు.

తండా అమ్మాయిల విషయం వేరు. ఎస్టీ హోదాకు మతంతో నిమిత్తం లేదు. వారి చిక్కు సాయంత్రంతో. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు బస్సులో అమ్మాయిలకు టికెట్ ఖర్చు తప్పింది. కానీ ఆరు గంటలకు పరీక్ష ముగించుకుని బస్టాండుకు చేరేసరికి తండా వైపు బస్సు ఉంటుందన్న భరోసా రాలేదు. రోడ్డు మీద దిగి చీకట్లో నడవాల్సిన దూరమూ తగ్గలేదు. పైగా ఇది పల్నాడు. 2024 మే 13న పోలింగ్ తరువాత చెలరేగిన హింసతో ఇక్కడ 144 సెక్షన్ పెట్టిన రోజులు విద్యార్థులకు గుర్తున్నాయి. గొడవల ఊళ్లలో చీకటి పడేలోగా ఇల్లు చేరాలన్నది పెద్దలు పెట్టిన నియమం. దళిత కుటుంబాల్లో అది మరింత గట్టి నియమం. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితులను బలిగొన్న గొడవ, సినిమా హాలులో ఒక దళిత యువకుడి కాలు పై కులస్థుడికి తగిలిందన్న దగ్గర మొదలైందని ఈ ప్రాంతంలో మరచిపోయినవారు లేరు.

రెండో వైపు వాదనలూ ఉన్నాయి, వాటిలో బలమూ ఉంది. అధ్యాపకుల కొరత, గదుల కొరత నిజం. వారమంతా దుకాణాల్లో పనిచేస్తూ చదువుకునేవారికి ఆదివారమే తీరిక. 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆదివారం తరగతులు పెట్టబట్టే ఎందరో శ్రామికులు పట్టభద్రులయ్యారు. ఆ విశ్వవిద్యాలయానికి ఉన్నది అంబేడ్కర్ పేరే. నీట్ పరీక్ష 2025లో మే 4న, ఆదివారం, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు జరిగింది. ఏపీపీఎస్సీ గ్రూప్-2 మెయిన్స్ ఫిబ్రవరి 23న, అదీ ఆదివారమే. దేశమంతా ఇలాగే జరుగుతుంటే మీ కళాశాల అంతర్గత పరీక్షకేమిటి ప్రత్యేకం అని అడగవచ్చు.

ప్రత్యేకం ఉంది. దేశవ్యాప్త పరీక్ష ఏడాదికొకసారి వస్తుంది, దాని తేదీ మన చేతిలో లేదు. అంతర్గత పరీక్షలు ప్రతి సెమిస్టర్‌లోనూ వస్తాయి, వాటి తేదీలు పూర్తిగా కళాశాల చేతిలోనివే. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరేవారు ఆదివారం తరగతులని తెలిసే చేరతారు. సోమవారం నుంచి వచ్చే రెగ్యులర్ విద్యార్థికి సెమిస్టర్ మధ్యలో ఆదివారాన్ని తీసేసుకోవడం అలాంటిది కాదు.

‘కళాశాలలోకి మతాన్ని తేవద్దు’ అన్న సహోద్యోగులకు నేనొక్కటే గుర్తు చేశాను. వినాయక చవితి నాడు పరీక్ష పెట్టాలని మన కమిటీకి ఎన్నడూ తోచలేదు. సంక్రాంతికి ఊరు వెళ్లడానికి కారణం రాసి ఇమ్మని ఎవరినీ అడగలేదు. కొందరి పండుగలు క్యాలెండరులోనే ఉన్నాయి, మరికొందరే దరఖాస్తు పెట్టుకోవాలి. అంతెందుకు, ఆదివారం సెలవు కేవలం చర్చికి సంబంధించినది కూడా కాదు. ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడి 1890లో బొంబాయి మిల్లు కార్మికులకు సాధించిన హక్కు అది.

అలాగని పరీక్షలన్నీ శనివారానికి జరిపితే సరిపోతుందా అంటే అదీ కాదు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను బెనే ఎఫ్రాయిము యూదులుగా చెప్పుకునే మాదిగ కుటుంబాలున్నాయి. శుక్రవారం పొద్దు గుంకింది మొదలు శనివారం పొద్దు గుంకేదాకా వారికి సబ్బాతు. సెవెంత్‌డే అడ్వెంటిస్టులకూ విశ్రాంతి దినం శనివారమే. ముస్లిం విద్యార్థులకు శుక్రవారం మధ్యాహ్నం నమాజు. ప్రతి విశ్వాసానికీ ఒక మినహాయింపు పట్టిక తయారు చేయబోతే, అది మళ్లీ ఎవరు ఏ మతమో రాయించే పట్టికే అవుతుంది.

అందుకే నేను కోరేవి రెండే. మొదటిది, రెగ్యులర్ విద్యార్థుల అంతర్గత పరీక్షలు పని దినాల్లో, పగటి పూట జరగాలి. తప్పనిసరై సెలవు రోజున పెడితే మధ్యాహ్నానికల్లా ముగియాలి. రెండోది, ప్రతి పరీక్షకూ మరో తేదీ ముందే ప్రకటించాలి. రెండింటిలో ఏదో ఒకదానికి విద్యార్థి వస్తే చాలు, ఎందుకని ఎవరూ అడగకూడదు. ప్రార్థనకు వెళ్లినవారు, కోతకు వెళ్లినవారు, బస్సు అందనివారు, జ్వరం వచ్చినవారు అందరూ ఆ రెండో తేదీకే వస్తారు. ఎవరు ఎందుకు వచ్చారో జాబితాలో తెలియదు. దీనికి అదనంగా కావలసింది ఇంకొక ప్రశ్నపత్రం, ఒక అధ్యాపకుడి రెండు గంటల సమయం.

ఈ సంవత్సరం పరీక్షల కమిటీ ఇంకా సమావేశం కాలేదు. పోయినసారి ఆ అమ్మాయికి ఆ పేపరులో సున్నా పడింది. ఆ మార్కుల పట్టిక మీద కూడా సంతకం నాదే. ఈసారి ‘కారణం తెలుపుతూ’ అన్న మాట కొట్టివేసేదాకా నేను సంతకం చేయను.