మేడిపండు పొట్టలోని లోకం

మేడిపండు పొట్టలోని పురుగులను వేమన పైపై మెరుగుకు ఉపమానం చేసిన నాటినుంచి తెలుగువారి దృష్టిలో ఆ పండుకు కొంత అపఖ్యాతి అంటుకుంది. జీవశాస్త్రం మాత్రం ఆ పురుగులను పండుకు పట్టిన తెగులుగా చూడదు; అవి లేకపోతే మేడిచెట్టుకు విత్తనమే లేదు. ఒక ప్రాంతంలోని జీవులూ, వాటికి ఆధారమైన నేల, నీరు, గాలీ కలిసి ఏర్పడే అల్లికను ఆవరణ వ్యవస్థ అంటారు. అందులో జీవుల మధ్య ఉండే సహాయం, దోపిడీ, వేట, పోటీ మొదలైన సంబంధాలన్నీ ఒక్క మేడికాయలో ఇమిడి ఉండటం చేతనే, బెంగళూరు వాసులు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకునే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, మాధవ్ గాడ్గిల్ నెలకొల్పిన ఆవరణశాస్త్ర కేంద్రానికి చెందిన రెనీ బోర్జెస్, ఆమె శిష్యులు ఈ చెట్టును ఏళ్ల తరబడి పరిశీలించారు.

మాను మీదా, లావుపాటి కొమ్మల మీదా గుత్తులుగా కాసే మేడికాయ నిజానికి కాయ కాదు. వేలకొద్దీ చిన్న పూలను లోపలికి ముడుచుకున్న పూగుత్తి. పూలు బయటికి కనిపించవు గనుక తేనెటీగలకు అక్కడ పని లేదు. కాయ కొనన రేకులతో మూసుకుపోయిన ఇరుకైన ద్వారం గుండా లోపలికి దూరగలిగేది నువ్వుగింజకు మించని ఒక ఆడ కందిరీగ మాత్రమే. ఆ దూరడంలో దాని రెక్కలు ఊడిపోతాయి; ఇక బయటికి రావడమన్నది ఉండదు. అది తాను పుట్టిన చెట్టునుంచి రొమ్ము భాగంలోని సంచుల్లో తెచ్చిన పుప్పొడిని పూలకు అందించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే మరణిస్తుంది. గుడ్లు పడిన పూలు బుడిపెలుగా మారి పిల్లపురుగులకు ఆహారమవుతాయి, తక్కినవి విత్తనాలు కడతాయి. చెట్టు తన విత్తనాల్లో కొంత భాగాన్ని కూలిగా చెల్లిస్తున్నదన్నమాట. ఇరుపక్షాలకూ లాభించే ఇటువంటి పొత్తును సహోపకార జీవనం అంటారు.

కొన్ని వారాల తర్వాత ముందుగా బయటపడేవి రెక్కలు లేని మగ కందిరీగలు. అవి బుడిపెల్లోనే ఉన్న ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు సొరంగం తొలిచి, ఆ దారిన తాము ఎగరకుండానే చనిపోతాయి. ఆడవి అప్పుడే విచ్చుకున్న మగపూల పుప్పొడిని నింపుకొని ఆ సొరంగం గుండా వెళ్లిపోతాయి.

ఇంత ఏర్పాటు ఉన్నచోట దొంగలు చేరకుండా ఉండరు. పుప్పొడి మోయకుండా మేడినే ఆశ్రయించి బతికే కందిరీగలు మరికొన్ని జాతులు ఉన్నాయి. అవి లోపలికి దూరే శ్రమ పడవు. కాయ మీద నిలబడి, దారం వంటి పొడవైన గుడ్లగొట్టాన్ని గోడలోకి దించి, కొన్ని పూలలోనూ, మరికొన్ని లోపలి పిల్లపురుగుల మీదా గుడ్లు పెడతాయి. ఆతిథేయిని చంపకుండా దాని మీద బతకడం పరాన్నజీవనం. చివరకు దాన్ని చంపే ఈ రెండవ రకం పరాన్నజీవనానికీ వేటకూ నడుమ నిలుస్తుంది. గట్టి కాయను అంత సన్నని గొట్టం ఎలా తొలుస్తుందన్న ప్రశ్నకు అదే సంస్థకు చెందిన లక్ష్మీనాథ్ కుందనాటి, నమ్రత గుండయ్య 2014లో సమాధానం చూపారు: పురుగుల మీద గుడ్లు పెట్టే ఒక కందిరీగ గొట్టం మొనలో జింకు చేరి దాన్ని గట్టిపరుస్తుంది.

బయట నిలబడి పనిచేసే దొంగకు బయటే ప్రమాదం. ఆకులు కలిపి గూడు కుట్టే ఎర్రచీమలు ఆ కందిరీగలను పట్టుకుని తింటాయి. ఆ వేట తెలియకుండానే చెట్టుకు కాపలా అవుతుంది. అయితే చీమలకు పక్షపాతం లేదు, చేతికి చిక్కితే పుప్పొడి మోసే కందిరీగనూ అవి వదలవు. ఇక ప్రయాణికులు కూడా ఉన్నారు. కంటికి కనిపించని నులిపురుగులు ఆడ కందిరీగనెక్కి మరో చెట్టుకు చేరతాయి, పైగా అప్పటికే తమవారితో కిక్కిరిసిన వాహనాన్ని ఎక్కకుండా తప్పుకుంటాయని బోర్జెస్ బృందం గమనించింది. కొద్దిమంది ఎక్కితే కందిరీగకు బరువు కాదు; ఎక్కువైతే వాహనమే దెబ్బతింటుంది.

ఈ లెక్కలన్నింటికీ కాలం చాలా తక్కువ. ఆహారమే ముట్టని ఆడ కందిరీగ ఆయువు ఒకటి రెండు రోజులు. ఆ లోగా పూత దశలో ఉన్న మరో మేడిచెట్టు దొరకాలి. ఒక చెట్టు కాయలన్నీ దాదాపు ఒకే దశలో ఉంటాయి గనుక తల్లిచెట్టు పనికిరాదు, వేర్వేరు చెట్లు వేర్వేరు నెలల్లో కాయాలి. ఆఫ్రికాలోని నమీబియా ఎడారిలో ఇదే కుటుంబపు కందిరీగలు గాలివాటున 160 కిలోమీటర్ల దాకా పుప్పొడి చేరవేసినట్టు 2009లో వెల్లడైంది కనుక దూరం మాత్రమే అడ్డంకి కాదు. బెంగళూరులో రోడ్డు వెడల్పు కోసం ఒక మేడిచెట్టు కూలితే పోయేది నీడ ఒక్కటే అనుకుంటారు. ఆ చెట్టు కాసే నెలలో కందిరీగకు మజిలీ, కోకిలకు, గబ్బిలానికి మేత కూడా పోతాయి. చెట్లు ఏడాది పొడవునా వంతులవారీగా కాస్తాయి గనుకనే వేరే పండ్లు లేని రోజుల్లో ఆ పక్షులూ, గబ్బిలాలూ మేడిమీద ఆధారపడతాయి. అవి పండు తిని విడిచిన రెట్టలోని విత్తనం గోడ పగుళ్లలో, మురుగుకాలువ అంచున మొలకెత్తుతుంది. ఎవరూ పెరికివేయకపోతే అది కూడా ఏనాటికో ఒక ఆడ కందిరీగ వాసన పట్టి వెదుక్కుంటూ వచ్చే చెట్టవుతుంది.