ఓవర్‌క్లాకింగ్‌కు ఖరీదు బోర్డే కావాల్నా?

మా ఊళ్లె ఎవరు కొత్తగ పీసీ కట్టుకున్నా నన్నడిగే మాట ఒక్కటే: "అన్నా, ఓవర్‌క్లాకింగ్ చెయ్యాలంటే ఖరీదు మదర్‌బోర్డే కొనాల్నా?" అట్లేం లేదు తమ్మీ. గానీ మరీ చవకది కొంటే నా లెక్కనే మోసపోతవ్.

ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువ ఉరికించుడే ఓవర్‌క్లాకింగ్. అప్పట్ల నేను రైజెన్ 5 2600కు ఏ320 బోర్డు కొన్న. బయోస్ తెరిచి చూస్తే స్పీడ్ పెంచే ఆప్షనే లేదు. దుకాణపాయన చెప్పలే, నేను అడగలే.

అందుకే ముందుగాల చిప్‌సెట్ చూడాలె. ఏఎండీల ఏ320, ఏ520, ఏ620 మీద ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ కాదు. బీ450, బీ550, బీ650 మీద అయితది. ఇంటెల్‌ల అయితే పేరు చివర 'కె' ఉన్న ప్రాసెసర్, జెడ్690, జెడ్790 అసొంటి జెడ్ బోర్డు, రెండూ ఉండాలె. బీ660, బీ760 మీద ర్యామ్ స్పీడ్ పెంచుకోవచ్చు గంతే.

రెండోది వీఆర్ఎం. పొలం కాడ ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీని 440 వోల్టులకు దించినట్టే, ఇది 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావల్సిన ఒక వోల్టు, ఒకటిన్నర వోల్టు నడుమకు దించుతది. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటార్లు ఎక్కువైతే ఏమైతది? ఇక్కడ గూడ అంతే. స్పీడ్ పెంచితే లోడ్ పెరుగుతది, వీఆర్ఎం కాలుతది, ప్రాసెసర్ తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటది. మన మే నెల ఎండలకు ఇంకా కష్టం. చవక బోర్డులల్ల వీఆర్ఎం మీద హీట్‌సింకే ఉండది. ఖరీదు వాటిల దొడ్డు హీట్‌సింకులు, ఎక్కువ ఫేజులు ఉంటయి.

అయితే ఆ ధరల లైట్లు, వైఫై, ఎక్కువ ఎం.2 స్లాట్ల పైసలు గూడ కలిసే ఉంటయి. వాటితోని ప్రాసెసర్ స్పీడ్ పెరగది. 6 కోర్ల ప్రాసెసర్‌కు హీట్‌సింక్ ఉన్న మంచి బీ550, బీ650 సాలు. 12, 16 కోర్లను గట్టిగ ఉరికించేటోళ్లకే పెద్ద బోర్డు అక్కరకొస్తది.

ఇంకో ముచ్చట. ఇప్పటి ప్రాసెసర్లు తమంతట తామే దాదాపు ఆఖరు దాకా ఉరుకుతున్నయి. మనం పెంచితే వచ్చేది కొంచెమే, కాలితే వారంటీ గూడ రాదు. అందుకే ముందుగాల రెండు ర్యామ్ స్టిక్కులు పెట్టి, బయోస్‌ల ఎక్స్ఎంపీ ఆన్ చెయ్యి. మిగిలిన పైసలు గ్రాఫిక్స్ కార్డుకో, యూపీఎస్‌కో పెట్టు. కరెంటు ఎప్పుడు పోతదో తెల్వని ఊళ్లె, బోర్డు మీది లైట్ల కంటే యూపీఎస్సే నయం.