గురు గ్రహం ఎంత 'గురువు'?

ఛందస్సులో గురువు, లఘువు మనందరం చదివినవే. 'గురు' అంటే బరువైనది అని కూడా అర్థం. గురుత్వాకర్షణలో ఉన్నది ఆ మాటే. బృహస్పతిని గురుడు అన్నది మాత్రం దేవతలకు గురువు కాబట్టి, ఎవరో తూచి చూసి కాదు. అయినా పేరు భలే కుదిరింది. మిగతా ఏడు గ్రహాల బరువు (సైన్స్ భాషలో ద్రవ్యరాశి) మొత్తం కలిపినా గురుడిలో సగం కూడా రాదు.

బరువు సంగతి తర్వాత, ముందు సైజు చూద్దాం. పైథాన్‌లో పది లైన్ల కోడ్ చాలు, మీరూ గీసి చూడండి. భూమికి 10 పిక్సెళ్ళ వ్యాసం (మనం రాసేది కాదు, కొలిచేది) ఇస్తే బుధుడికి 4 కూడా రావు. కుజుడికి 5, శుక్రుడికి తొమ్మిదిన్నర. తర్వాత ఒక్కసారిగా నెప్ట్యూన్‌కి 39, యురేనస్‌కి 40, శనికి 94, గురుడికి 112. సూర్యుడికి 1,090 కావాలి, కానీ చాలా ల్యాప్‌టాప్‌ల స్క్రీన్ ఎత్తే 1,080!

10కీ 39కీ మధ్య మన సౌరకుటుంబంలో ఒక్క గ్రహమూ లేదు. ఎందుకలా?

సుమారు 460 కోట్ల ఏళ్ళ క్రితం గ్రహాలు పుట్టిన మేఘంలో దాదాపు అంతా హైడ్రోజన్, హీలియం. సూర్యుడి దగ్గర వేడికి నీరు ఆవిరిగానే ఉండిపోయింది. గట్టిపడగలిగినవి రాయి, లోహం మాత్రమే, అవి మొత్తంలో ఒక శాతం కూడా లేవు. ముడిసరుకు తక్కువ కాబట్టి గ్రహాలూ చిన్నవే. కుజుడు దాటాక చలికి మంచు కూడా గట్టిపడింది. సరుకు పెరిగింది. గురుడి లోపలి ముద్ద దాదాపు పది భూముల బరువుకి చేరేసరికి, చుట్టూ ఉన్న వాయువుని కూడా లాగేసుకోవడం మొదలుపెట్టింది. శనిదీ ఇదే కథ. యురేనస్, నెప్ట్యూన్‌లకి వాయువు తక్కువే దక్కింది, అందుకే వాటిని మంచు దిగ్గజాలు అంటారు.

ఇక బరువు. గురుడి లోపల దాదాపు 1,300 భూములు పడతాయి, కానీ బరువు 318 భూములంతే. సగటున ఒక లీటరు భూమి ఐదున్నర కిలోలు తూగితే, లీటరు గురుడు 1.3 కిలోలు. లీటరు శని 700 గ్రాములే, నీళ్ళకన్నా తేలిక.

ఇంకో విచిత్రం ఉంది. గురుడు శని కన్నా మూడు రెట్లకు పైగా బరువు, కానీ వెడల్పులో ఇద్దరికీ తేడా 20 శాతం లోపే. పెళ్ళింట్లో దూది పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చడం చూశారా? పైన వేసేకొద్దీ కింద ఉన్నవి అణిగిపోతాయి. వాయువూ అంతే. గురుడికి ఇంకా చాలా వాయువు చేర్చినా, లావు పెద్దగా పెరగదు, లోపల గట్టిపడుతుంది. అంటే సైజు చూసి బరువు చెప్పలేం.

దీనితో మనకేం పని అంటారా? 2009లో ఎగిరిన కెప్లర్ టెలిస్కోప్, నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటినప్పుడు వెలుగు ఎంత తగ్గిందో చూసేది. దూరం నుంచి చూసేవాళ్ళకి గురుడు అడ్డొస్తే సూర్యుడి వెలుగు 1 శాతం తగ్గుతుంది, భూమి అడ్డొస్తే 0.008 శాతం. ఈ లెక్కలో తెలిసేది వ్యాసం ఒక్కటే. బరువు తెలియాలంటే గ్రహం లాగుడికి నక్షత్రం ఎంత ఊగుతోందో విడిగా కొలవాలి.

కెప్లర్‌కి ఎక్కువగా దొరికినవి సరిగ్గా మన దగ్గర లేని సైజువే, భూమికీ నెప్ట్యూన్‌కీ మధ్యవి. వాటిలోనూ భూమికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మధ్య ఉన్నవి తక్కువని 2017లో తేలింది. దానికన్నా చిన్నవి ఎక్కువగా రాతి గ్రహాలనీ, పెద్దవాటికి మందపాటి వాయువు దుప్పటి ఉండొచ్చనీ చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. సరిహద్దు దగ్గరున్న గ్రహం కాలు పెట్టగలిగే నేలో, అడుగు తగలని వాయువో సైజు ఒక్కటే చెప్పలేదు.

కాబట్టి 'మరో భూమి దొరికింది' అనే వార్త వాట్సాప్‌లో వస్తే, ఫార్వర్డ్ కొట్టే ముందు ఒక్కటి చూడండి. అందులో వ్యాసం మాత్రమే ఉందా, బరువు కూడా ఉందా? బరువు లేకపోతే, దొరికింది భూమి సైజు గ్రహం. భూమి అవునో కాదో ఇంకా తేలాలి.