ఆదాయ సూచీ, ఆస్తి చరిత్ర: కాలిఫోర్నియాలో ఇటాలియన్, జపనీయ వలస సమాజాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

20వ శతాబ్దపు తొలి దశకాల్లో కాలిఫోర్నియాలో స్థిరపడిన ఇటాలియన్, జపనీయ వలసదారులు కూరగాయల సాగు, చేపల వేట, చిల్లర వ్యాపారం వంటి ఒకే తరహా వృత్తులతో జీవితం ఆరంభించారు. 1970 నాటికి రెండు సమాజాల కుటుంబ ఆదాయం అమెరికా జాతీయ సగటును దాటింది. జపనీయుల ఆదాయం ఇటాలియన్ల ఆదాయం కంటే కూడా ఎక్కువగా నమోదైంది. ఈ అంకెలను ఆధారం చేసుకొని వివక్ష ప్రభావం స్వల్పమనీ, సంస్కృతే నిర్ణాయకమనీ వాదించడం పరిపాటి. ఆదాయంతో పాటు ఆస్తి చరిత్రను కూడా పరిశీలిస్తే ఆ వాదం నిలవదని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: వలస, పౌరసత్వ అర్హత, విదేశీయుల భూమి చట్టం, తనొమొషి, నిర్బంధం, ఆదాయం, ఆస్తి.

1. ఉపోద్ఘాతం

అమెరికన్ ఆర్థికవేత్త థామస్ సోవెల్ 1981లో ప్రచురించిన 'ఎత్నిక్ అమెరికా' గ్రంథంలో వివిధ జాతి సమాజాల కుటుంబ ఆదాయాలను ఒక సూచీగా అందించారు. జాతీయ సగటును 100గా తీసుకుంటే ఇటాలియన్ల సూచీ 112, జపనీయుల సూచీ 132. వివక్ష ఒక్కటే సమాజాల ఆర్థిక స్థితిని నిర్ణయించదనీ, వయస్సు, నివాస ప్రాంతం, నైపుణ్యం, సంస్కృతి వంటి అంశాలకు అధిక ప్రాధాన్యం ఉందనీ ఆయన ప్రతిపాదన. అంతకు ముందే, 1966 జనవరిలో, సామాజిక శాస్త్రవేత్త విలియం పీటర్సన్ న్యూయార్క్ టైమ్స్ పత్రిక అనుబంధంలో జపనీయ అమెరికన్ల విజయగాథను వర్ణిస్తూ వ్యాసం రాశారు. 'ఆదర్శ అల్పసంఖ్యాక వర్గం' అనే భావన ప్రచారంలోకి రావడానికి ఆ వ్యాసం ఒక ముఖ్య కారణం.

ఈ సూచీని చదివేవారికి సహజంగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇటాలియన్లకు చట్టం అడ్డు రాలేదు. జపనీయులకు పౌరసత్వం, భూమి, చివరకు స్వేచ్ఛ కూడా నిరాకరించబడ్డాయి. అయినా జపనీయుల ఆదాయమే అధికంగా ఉంటే వివక్ష వల్ల కలిగిన నష్టం ఎక్కడ కనిపిస్తుంది? ఆదాయం ఒక ఏడాదిలో చేతికి వచ్చే ప్రవాహం. ఆస్తి తరతరాలుగా నిలిచే నిల్వ. నష్టం ప్రధానంగా రెండవదానిలో జరిగింది. మొదటిదాన్ని మాత్రమే కొలిచే సూచీలో అది కనిపించదు.

2. పోలికకు తగిన క్షేత్రం

జాతీయ స్థాయి సగటులతో ఈ రెండు సమాజాలను పోల్చడంలో ఒక చిక్కు ఉంది. ఇటాలియన్లలో అత్యధికులు దక్షిణ ఇటలీ నుండి వచ్చి న్యూయార్క్ వంటి తూర్పు నగరాల్లో స్థిరపడినవారు. జపనీయులు పసిఫిక్ తీరంలోనూ, హవాయి దీవుల్లోనూ కేంద్రీకృతమైనవారు. నివాస ప్రాంతాన్ని బట్టి వేతనాలు, ధరలు మారతాయి గనుక ఈ పోలికలో సమాజాల భేదంతో పాటు ప్రాంతాల భేదం కూడా కలిసిపోతుంది.

ఒకే మార్కెట్టులో, ఒకే కాలంలో రెండు సమాజాలూ పనిచేసిన కాలిఫోర్నియా ఈ చిక్కును తగ్గిస్తుంది. 1910 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో జపనీయులు 41,356 మంది. ఇటలీలో జన్మించినవారు 60 వేలకు పైగా ఉన్నారు. ఇక్కడి ఇటాలియన్లలో లిగూరియా, పీడ్‌మాంట్, లుక్కా వంటి ఉత్తర, మధ్య ప్రాంతాల వారి పాలు తూర్పు నగరాల్లో కంటే ఎక్కువ. జపనీయులు మెయిజీ కాలపు ప్రాథమిక విద్యా విధానం నీడలో పెరిగినవారు. అందువల్ల వలస వచ్చేనాటికే రెండు సమాజాలూ ఒక మేరకు ఎంపిక చేయబడినవేనని గుర్తించాలి.

3. మూలధన సేకరణ: బ్యాంకు, చీటీ

చిన్న రైతుకూ, చిల్లర వర్తకుడికీ పెద్ద బ్యాంకులు అప్పివ్వని కాలమది. లిగూరియా నుండి వచ్చిన దంపతులకు శాన్ హోసేలో జన్మించిన అమడేయో పీటర్ జియనీనీ 1904లో శాన్ ఫ్రాన్సిస్కోలో బ్యాంక్ ఆఫ్ ఇటలీని స్థాపించారు. 1906 భూకంపం తరువాత నగరం ఇంకా శిథిలాల్లో ఉండగానే ఆ బ్యాంకు రుణాలివ్వడం ఆరంభించింది. 1909లో శాన్ హోసేలో, శాన్ ఫ్రాన్సిస్కో వెలుపల తన తొలి శాఖను తెరిచింది. క్రమంగా రాష్ట్రమంతటా విస్తరించి, 1930లో బ్యాంక్ ఆఫ్ అమెరికాగా పేరు మార్చుకుంది. ఇటాలియన్ల పొదుపుతో మొదలైన ఈ సంస్థ అందరి డిపాజిట్లనూ స్వీకరించి, అందరికీ అప్పులిచ్చే స్థాయికి ఎదిగింది.

జపనీయులు ఆశ్రయించిన మార్గం తనొమొషి. సభ్యులు నెలనెలా నిర్ణీత మొత్తం చెల్లిస్తారు. పోగైన సొమ్మును వంతుల వారీగానో, పాట ద్వారానో ఒక్కొక్కరు తీసుకుంటారు. తెలుగునాట చీటీ పాట ఎరిగినవారికి ఈ పద్ధతిని వేరుగా వివరించనక్కరలేదు. ఒకే ఊరి లేదా జిల్లా వారు కూడి ఏర్పరచుకున్న ఇటువంటి సమూహాలకు హామీ పరస్పర విశ్వాసమే. ఐవన్ లైట్ 1972లో వెలువరించిన పరిశోధన జపనీయుల చిన్న వ్యాపారాలకు ఇవి ఎంతగా ఊతమిచ్చాయో నిరూపించింది.

సంస్కృతిపరమైన వివరణకు ఇక్కడ కొంత బలముంది. అయితే రెండు పద్ధతులకూ పరిమితి ఒకటి కాదు. తనొమొషి సొమ్ము సభ్యుల పొదుపును మించదు. బ్యాంకు తన డిపాజిట్లను ఆధారం చేసుకొని, భూమిని తాకట్టు పెట్టుకొని దీర్ఘకాలిక రుణాలివ్వగలదు. తాకట్టు పెట్టడానికి రైతుకు భూమి ఉండాలి. భూమిపై హక్కు విషయంలోనే రెండు సమాజాల దారులు వేరయ్యాయి.

4. భూమి హక్కు: పౌరసత్వం కాదు, అర్హత

1790 నాటి అమెరికా పౌరసత్వ చట్టం 'స్వేచ్ఛగల శ్వేతజాతీయులకు' మాత్రమే పౌరసత్వం పొందే వీలు కల్పించింది. 1870లో ఆఫ్రికన్ సంతతి వారికి కూడా ఆ వీలు లభించింది. ఇటాలియన్లు సామాజికంగా ఎంత చిన్నచూపుకు గురైనా చట్టం దృష్టిలో శ్వేతజాతీయులే. జపనీయులు ఈ పరిధిలోకి రారని 1922లో ఒజావా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకు కూడా ఇదే గతి పట్టింది.

1913లో కాలిఫోర్నియా శాసనసభ చేసిన విదేశీయుల భూమి చట్టం ఈ విభజనను ఆధారం చేసుకుంది. అందులో జపనీయుల పేరు లేదు. 'పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులు' సాగుభూమిని కొనరాదనీ, మూడేళ్లకు మించి కౌలుకు తీసుకోరాదనీ మాత్రమే ఉంది. 1920లో కౌలును కూడా నిషేధించారు. పంటలో పాలుకు సాగు చేసే ఒప్పందాలపై నిషేధాన్ని 1923లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఈ చట్టం పౌరుడినీ పౌరుడు కానివాడినీ వేరు చేయలేదన్నది గమనార్హం. 1942 నాటికి కూడా అమెరికాలో సుమారు 6 లక్షల మంది ఇటాలియన్లు పౌరసత్వం తీసుకోలేదు. అయినా వారు అర్హులు గనుక కాలిఫోర్నియాలో భూమి కొనుక్కోవచ్చు. ముప్పై ఏళ్లుగా అక్కడే సేద్యం చేస్తున్న జపనీయుడు కోరినా పౌరుడు కాలేడు. కాబట్టి భూమి కొనలేడు.

జపనీయులు చేతనైన మార్గాలు వెదికారు. అమెరికాలో పుట్టిన పిల్లలు జన్మతః పౌరులు గనుక వారి పేర భూమి కొని, తండ్రి సంరక్షకుడిగా వ్యవహరించడం ఒక మార్గం. దీనిని అడ్డుకునే నిబంధన చెల్లదని 1922లో యానో కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తెల్లజాతి స్నేహితుల పేర కౌలు రాయించుకోవడం మరొకటి. రాబర్ట్ హిగ్స్ 1978 నాటి తన వ్యాసంలో చూపినట్లు, చట్టం జపనీయులను సేద్యం నుండి పూర్తిగా తరిమివేయలేదు. అయితే ప్రతి ఒప్పందంలోనూ అనిశ్చితినీ, అదనపు ఖర్చునూ పెంచింది. 1920లో రాష్ట్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం జపనీయుల సాగులో ఉన్న భూమి సుమారు 4.58 లక్షల ఎకరాలు. అందులో సొంత భూమి సుమారు 75 వేల ఎకరాలే. 1940 నాటికి మొత్తం సాగు సుమారు 2.26 లక్షల ఎకరాలకు పడిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత పంటల ధరలు కుంగడం కూడా ఇందుకు ఒక కారణం.

కౌలు నిలకడ లేనివాడు పండ్ల తోట వేయడు. చెట్టు కాపుకు రాకముందే భూమి చేజారవచ్చు. కొద్ది నెలల్లో చేతికొచ్చే కూరగాయలు, స్ట్రాబెర్రీల వంటి పంటల్లో జపనీయులు కేంద్రీకరించడానికి వారి నైపుణ్యంతో పాటు ఈ అనిశ్చితి కూడా దోహదం చేసింది. ఇటాలియన్లు ఆస్టి వద్ద 1881లో ద్రాక్షతోటల సంస్థను ప్రారంభించి దశాబ్దాల పాటు విస్తరించుకోగలిగారు.

5. 1942: నిల్వ కరిగిన ఏడాది

1941 డిసెంబరులో యుద్ధం రాగానే ఇటలీ, జపాన్ రెండూ అమెరికాకు శత్రుదేశాలయ్యాయి. యొకొహామా స్పీసీ బ్యాంకు అమెరికా శాఖలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడంతో వాటిలోని జపనీయుల డిపాజిట్లు స్తంభించాయి. 1942 ఫిబ్రవరి 19న జారీ అయిన 9066వ కార్యనిర్వాహక ఉత్తర్వు ఫలితంగా సుమారు 1,20,000 మంది జపనీయులను నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులు. టెర్మినల్ ఐలాండ్‌లోని జపనీయ జాలరి కుటుంబాలకు ఇల్లు ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు 48 గంటలు.

ఇటాలియన్లు కూడా ఇబ్బంది పడ్డారు. కాలిఫోర్నియా తీరంలోని నిషిద్ధ మండలాల నుండి వేలాది మంది తాత్కాలికంగా ఇళ్లు వదిలారు. కొన్ని వందల మంది నిర్బంధానికి గురయ్యారు. జాలర్ల పడవలు ప్రభుత్వ స్వాధీనమయ్యాయి. అయితే ఆ ఆంక్షలు ప్రధానంగా పౌరులు కానివారికే పరిమితం. వాటిని కూడా 1942 అక్టోబరులో ఎత్తివేశారు.

జపనీయులలో నష్టం అందరికీ ఒకేలా జరగలేదు. లివింగ్‌స్టన్, క్రెస్సీ, కోర్టెజ్ గ్రామాల సొంత భూమి గల రైతులు తరలింపుకు ముందే కూడబలుక్కొని, తోటల నిర్వహణకు ఒక మేనేజరును నియమించుకున్నారు. యుద్ధానంతరం వారిలో అనేకులు తమ భూములకు తిరిగి వచ్చారు. కౌలుదార్లకు తిరిగి రావడానికి పొలమే లేదు. 1913 నాటి చట్టం ఎవరిని కౌలుదార్లుగా ఉంచిందో వారికే 1942లో అధిక నష్టం వాటిల్లింది.

1948 పరిహార చట్టం కింద సుమారు 14.8 కోట్ల డాలర్లకు దరఖాస్తులు రాగా, చెల్లించినది సుమారు 3.7 కోట్లు. కోల్పోయిన వేతనాలను ఆ చట్టం లెక్కలోకే తీసుకోలేదు. 1980లో కాంగ్రెస్ నియమించిన విచారణ సంఘం కోసం జరిగిన అధ్యయనం, పరిహారం అందని ఆదాయ, ఆస్తి నష్టాన్ని 1945 నాటి డాలర్లలో 14.9 కోట్ల నుండి 37 కోట్ల మధ్య అంచనా వేసింది. 1988 చట్టం జీవించి ఉన్న ప్రతి బాధితుడికీ 20,000 డాలర్లు మంజూరు చేసింది. అప్పటికి తొలితరం వారిలో అత్యధికులు మరణించారు.

6. 1969 నాటి ఆదాయం ఎలా సాధ్యమైంది?

1970 జనాభా లెక్కల ప్రకారం జపనీయ అమెరికన్ కుటుంబాల మధ్యగత వార్షికాదాయం 12,515 డాలర్లు. జాతీయ మధ్యగతం 9,590. ఈ అంతరానికి మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది, కుటుంబంలో సంపాదించేవారి సంఖ్య. జపనీయ కుటుంబాల్లో భార్యాభర్తలిద్దరూ పనిచేయడం జాతీయ సగటు కంటే ఎక్కువ. రెండవది, నివాస ప్రాంతం. కాలిఫోర్నియా, హవాయిలలో వేతనాలతో పాటు జీవనవ్యయం కూడా అధికం. మూడవది, విద్య. భూమిని లాక్కోవచ్చు గాని చదువును లాక్కోలేరు. ఆస్తి మార్గం మూసుకుపోయిన సమాజం తన పొదుపును పిల్లల చదువు మీద పెట్టడం హేతుబద్ధమే. కాని ఆ చదువుకు యుద్ధానికి ముందు తగిన ఫలితం దక్కలేదు. లాస్ ఏంజెలిస్‌లో కళాశాల పట్టా పొందిన రెండవతరం యువకులు పండ్ల దుకాణాల్లో పనిచేసిన సంగతి జాన్ మోడెల్ వంటి చరిత్రకారులు నమోదు చేశారు. 1940 నాటికి సమాన విద్య గల శ్వేతజాతీయుల కంటే కాలిఫోర్నియాలోని ఆసియా సంతతి వారి సంపాదన తక్కువనీ, తరువాతి దశకాల్లో ఆ అంతరం మాయమైందనీ నథానియెల్ హిల్గర్ 2016 అధ్యయనం చూపుతుంది. మారినది సంస్కృతి కాదు, చదువుకు మార్కెట్టు కట్టే విలువ.

నిర్బంధం ఆదాయంపై చూపిన ప్రభావం గురించి పరిశోధకులలో భిన్నాభిప్రాయాలున్నాయి. శిబిరాల్లో గడిపిన పురుషుల వార్షిక సంపాదన పాతికేళ్ల తరువాత కూడా 9 నుండి 13 శాతం తక్కువగా ఉందని ఏమీ చిన్ 2005లో తేల్చారు. నిర్బంధం ప్రజలను కొత్త ప్రాంతాలకు, కొత్త వృత్తులకు మళ్లించి దీర్ఘకాలంలో ఆదాయం పెంచిందని హైమే అరెయానో-బోవెర్ 2022లో ప్రతిపాదించారు. రెండవ నిర్ణయాన్నే అంగీకరించినా ఆస్తి నష్టం పూడినట్లు కాదు. పొలం పోగొట్టుకున్నవాడు ఉద్యోగంలో మంచి జీతం సంపాదించవచ్చు. అంతమాత్రాన పొలం తిరిగి రాదు.

ఇటాలియన్ల క్రమం భిన్నంగా సాగింది. తొలి తరాల్లో పాఠశాల విద్య తక్కువగా ఉన్నా, చేతివృత్తులు, స్వంత ఇళ్లు, చిన్న వ్యాపారాల ఆధారంగా వారు స్థిరపడ్డారు. మూడవతరం నాటికి విద్యలో ఇతర శ్వేతజాతీయులతో సమానమైన తీరును రిచర్డ్ ఆల్బా 1985లో వివరించారు. వారికి విద్య అనేక మార్గాల్లో ఒకటి. జపనీయులకు అది దాదాపు మిగిలిన ఒకే మార్గం.

7. ముగింపు

పై పరిశీలన నుండి కింది అంశాలను గ్రహించవచ్చు.

1. ఇటాలియన్, జపనీయ సమాజాలు రెండూ పొదుపు, శ్రమ, పరస్పర సహకారం గలవే. ఆ శ్రమ ఏ రూపంలో పోగుపడాలన్నది పౌరసత్వ అర్హతను ఆధారం చేసుకున్న భూమి చట్టం నిర్ణయించింది.

2. 132, 112 అన్న సూచీలు ఒక సంవత్సరపు ఆదాయాన్ని మాత్రమే తెలుపుతాయి. వివక్ష వల్ల కలిగిన నష్టం అధికంగా ఆస్తి రూపంలో జరిగింది. కాబట్టి ఆ సూచీల ఆధారంగా వివక్షకు ఆర్థిక ప్రభావం స్వల్పమని తీర్మానించడం సరికాదు.

3. సంస్కృతిని పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదు. తనొమొషి వంటి సంస్థలు, చదువు పట్ల ఆసక్తి వాస్తవాలు. అయితే వాటిని చట్టం విధించిన పరిమితుల మధ్య ఉంచి చూడాలి.

4. వలస సమాజాలపై పరిశోధించేవారు ఆదాయంతో పాటు ఆస్తి, కుటుంబంలో సంపాదనపరుల సంఖ్య, నివాస ప్రాంతం, వలసకు ముందే జరిగిన ఎంపిక అనే అంశాలను విడివిడిగా లెక్కించాలి. అమెరికాలో తెలుగువారి అధిక ఆదాయాలకు కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. వీసా విధానం ఉన్నత సాంకేతిక విద్య గలవారిని ఎంపిక చేసిన తరువాత వచ్చిన అంకెలను జాతి సహజ గుణానికి ఆపాదించడం పద్ధతి కాదు.

కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1952లో ఫుజీ కేసులో భూమి చట్టం చెల్లదని ప్రకటించింది. అదే ఏడాది జపనీయులకు పౌరసత్వ అర్హత లభించింది. అప్పటికి 1913 నుండి 39 ఏళ్లు గడిచాయి. ఆ మధ్యకాలంలో వేయకుండా మిగిలిన తోటల విలువ ఏ ఆదాయ సూచీలోనూ నమోదు కాలేదు.