పల్లకి ఎక్కిన చూపు

పరాయి దేశపు వాహనాన్ని వర్ణించే యాత్రికుడు తన దేశపు కొలబద్దను వెంట తెచ్చుకుంటాడు. ఆ కొలబద్ద ఏ దేశానిదో చెప్పి, ఏ వర్గానిదో చెప్పకపోతే యాత్రాసాహిత్య విమర్శ సగంలోనే ఆగిపోతుందని నా అభిప్రాయం. పల్లకినే తీసుకుందాం.

17వ శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడి ప్రయాణ సాధనాలను వివరంగా రాశాడు. ఈ దేశంలో ప్రయాణం ఫ్రాన్సు, ఇటలీల్లో కంటే తక్కువ సౌకర్యమేమీ కాదన్నాడు. పల్లకి మోసేవాడికి నెలకు 4 రూపాయలు, దూరప్రయాణమైతే 5 అని లెక్క కూడా ఇచ్చాడు. ఉదారమైన తీర్పే. కాని సౌకర్యం ఎవరిది? లోపల మేను వాల్చినవాడిది. మోసేవాడి భుజం ఆ లెక్కలో జీతంగా మాత్రమే కనిపిస్తుంది.

తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్ళలో చాలామందికి పల్లకి తూర్పుదేశాల విలాసానికీ, సోమరితనానికీ గుర్తు. మనుషులు మోసే సెడాన్ కుర్చీలను లండన్‌లో అద్దెకు తిప్పడానికి 1634లోనే రాజు అనుమతి ఇచ్చిన సంగతి ఆ తీర్పులో కనిపించదు. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ తన చిన్న ఉద్యోగులకు పల్లకీలు కూడదంది. మోసేవాళ్ళ మీద జాలితో కాదు, కుర్ర గుమాస్తాలకు దుబారా తగదని.

మాటలోనూ ఇదే చూపు. తెలుగునాట పల్లకీలు మోసినవాళ్ళు బోయీలు. పల్లకి మోసేవాడన్న అర్థంలో ఆంగ్లేయులు వాడిన 'బాయ్' ఈ కులనామం నుంచే వచ్చిందని 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు చెబుతుంది. నౌకరును 'బాయ్' అనే అలవాటు ఎలాగూ ఉంది. రెండూ కలిసిపోయి, నలుగురు పిల్లల తండ్రి కూడా దొర నోట కుర్రవాడయ్యాడు.

ఇది తెల్లవాళ్ళ దోషమేనని తృప్తిపడదామా? మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830-31లో కాశీకి వెళ్ళింది పల్లకిలోనే. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తెలుగు వచనానికి పెద్ద ఆస్తి. విద్యార్థిగా దాన్ని చదివినప్పుడు మజిలీలూ నదులూ సత్రాలూ నోట్సు రాసుకున్నాను. అంత దూరం ఆయన్ని మోసినవాళ్ళ గురించి ఒక్క ముక్క రాసుకోలేదు. నా చూపు ఎక్కడ కూర్చుని ఉందో చెప్పడానికి ఆ నోట్సు చాలు.

కనుక యాత్రారచన చదివేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. రచయిత ఏ దేశం నుంచి వచ్చాడు? ఎవరి భుజాల మీద వచ్చాడు? మొదటి ప్రశ్న మనం పరాయివాళ్ళను అడుగుతూనే ఉన్నాం. రెండోది మనల్ని మనం కూడా అడుక్కోవలసిన ప్రశ్న.